సముద్రపొడ్డున ఆడే పిల్లల బొమ్మలో ముఖాలు లేవన్న అభ్యంతరం గురించి

సంపాదకులకు నమస్కారాలు.

ఇటీవల నెల్లూరులో ఉన్నత పాఠశాలల విద్యార్థులకు పెట్టిన ఒక చిత్రలేఖన పోటీలో, మైపాడు సముద్రపొడ్డున ఆడుకుంటున్న పిల్లలను వాటర్ కలర్లలో వేసిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి బొమ్మను మొదటి వడపోతలోనే తీసి పక్కన పెట్టారు. షీటు వెనుక పెన్సిలుతో రాసిన కారణం ఒక్క ముక్కే: "ముఖాలు పూర్తి చేయలేదు." ఆ అమ్మాయికి బహుమతి రాలేదని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. పోటీ అన్న తరువాత కొందరికి వస్తుంది, ఎక్కువమందికి రాదు. ఆ రోజు బహుమతి పొందిన బొమ్మల్లో ఒకటి రెండు నిజంగా బాగున్నాయి కూడా. నా అభ్యంతరమంతా ఆ కారణం మీదే. చాలా ఏళ్లు ఈ జిల్లాలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, ఇలాంటి మాట ఒక బొమ్మతో ఆగదనీ, చూసింది చూసినట్టు వేయాలనుకునే పిల్లలందరికీ అడ్డం పడుతుందనీ నాకు తెలుసు. అందుకే పదిమందీ చదివే మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పుకోవాలనుకుంటున్నాను.

ముందు ఆ బొమ్మ ఎలా ఉందో చెప్పాలి. అడ్డంగా పెట్టిన షీటులో ఆకాశం పైన వేలెడు పట్టీ మాత్రమే. దాని కింద మూడో వంతు సముద్రం, మిగిలినదంతా తడి ఇసుక. నలుగురు పిల్లలున్నారు. ఇద్దరు వెనక్కి పోతున్న అల వెంట పరుగెత్తుతున్నారు. ఒక చిన్నపిల్ల గొంతుక్కూర్చుని ఎండ్రకాయ బొక్కను తవ్వుతోంది. నాలుగోవాడు మన వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి ఎవరినో పిలుస్తున్నాడు. వాళ్ల ఒంటి రంగును ఆ అమ్మాయి ముదురు గోధుమలో కొంచెం నీలం కలిపి, మళ్లీ దిద్దకుండా, ఒకే పూతలో దించేసింది. జుట్టు చుట్టూ, భుజాల అంచున సన్నని గీతంత తెల్లకాగితాన్ని రంగు తగలకుండా వదిలి, ఆరిన తరువాత దాని మీద పలచని పసుపు తాకించింది. ముఖాల్లో కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. అయినా పిలుస్తున్నవాడు పిలుస్తున్నాడనే తెలుస్తోంది. తవ్వుతున్న పిల్ల ధ్యాసంతా ఎక్కడుందో ఆ మెడ వంపే చెబుతోంది. నలుగురి కాళ్ల దగ్గర నుంచీ నీడలు షీటు కింది అంచు దాకా, ఊదా రంగులో, పొడుగ్గా మన వైపుకు సాగి వచ్చాయి.

"ముఖాలు ఎందుకు వదిలేశావమ్మా?" అని నేను అడిగాను. "ఎండ ఎదురుగా ఉండింది సార్, కళ్లు కనపడలా" అని చెప్పింది. న్యాయనిర్ణేతలు పిలిచి అడిగి ఉంటే వాళ్లకూ ఇదే చెప్పి ఉండేది.

ఆ జవాబు ఎంత సరైనదో మన తీరం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మైపాడు గానీ, కోడూరు గానీ, కావలి దగ్గరి తుమ్మలపెంట గానీ, ఒంగోలు వాళ్లు వెళ్లే కొత్తపట్నం గానీ, అన్నీ తూర్పుముఖంగా ఉన్న ఒడ్డులే. ఎక్కడైనా పొద్దు సముద్రంలోనుంచే పొడుస్తుంది. పొద్దు పొడిచిన మొదటి గంటలో ఇసుక మీద నిలబడి నీటి వైపు చూస్తే సూర్యుడు మనకు ఎదురుగా, ఆడే పిల్లలకు వెనుకగా ఉంటాడు. వెలుతురంతా వాళ్ల వీపుల మీద పడి, మన వైపు ఉన్న ముఖాలు నీడలో ఉండిపోతాయి. పైగా నీటి మీది తళుకు కళ్లలో కొట్టేసరికి మన కంటిపాప చిన్నదై, నీడలో ఉన్న సన్నని వివరాలు ఇంకా మరుగున పడతాయి. ముప్పై నలభై గజాల అవతల ఉన్న పిల్లవాడి కనుబొమలూ పెదవులూ ఆ వేళలో ఎంత మంచి చూపున్నవారికైనా విడివిడిగా కనపడవు. కనపడేవి ఒంటి ఆకారం, కదలిక, జుట్టు చుట్టూ వెలిగే అంచు. ఆమె వేసినవి సరిగ్గా అవే. సందేహం ఉన్నవారు ఏ ఆదివారమైనా తెల్లవారుజామునే బయలుదేరి మైపాడు వెళ్లి చూసుకోవచ్చు. నెల్లూరుకు అది పాతిక కిలోమీటర్ల దూరమే.

నీడ రంగు మీద కూడా అక్కడ అభ్యంతరం వచ్చిందట. నీడ నల్లగానో బూడిద రంగులోనో ఉండాలి గానీ ఊదాగా ఉంటుందా అని ఒకరు అన్నారట. నీడంటే వెలుతురే లేని చోటు అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. సూర్యుడి వెలుగు నేరుగా తగలని చోట కూడా ఆకాశం నుంచి దిగే నీలి వెలుగు పడుతూనే ఉంటుంది. పొద్దున పూట కిరణాలు ఏటవాలుగా, గాలిలో చాలా దూరం ప్రయాణించి రావడం వల్ల వాటిలోని నీలం చెదిరిపోయి పసుపూ ఎరుపూ మిగులుతాయి. ఆ పచ్చని ఎండ పడిన ఇసుక పక్కన, ఒక్క ఆకాశపు వెలుగే పడిన నీడ నీలంగానో ఊదాగానో తోస్తుంది. తడి ఇసుక మీద మరీనూ, ఎందుకంటే పైనున్న పలచని నీటి పొర ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది. నల్ల రంగు నేరుగా తీసి పూస్తే అక్కడ గొయ్యి ఉందనిపిస్తుంది గానీ నీడ పడిందనిపించదు. ఇది నేను క్లాసులో మాటలతో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కేది కాదు. మధ్యాహ్నం బడి ఆవరణలో తెల్లకాగితం పరిచి, దాని మీద చెయ్యి అడ్డం పెట్టి నీడను చూపిస్తే ఒక్క నిమిషంలో ఎక్కేది.

"పూర్తి కాలేదు" అన్న నిందకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1874లో పారిస్‌లో, అధికారిక ప్రదర్శనల తీరుతో విసిగిపోయిన కొందరు చిత్రకారులు, నాడార్ అనే ఫొటోగ్రాఫరు స్టూడియోలో తమ బొమ్మలను తామే ప్రదర్శించుకున్నారు. క్లోద్ మోనే 1872లో లె హావ్ర్ రేవులో పొద్దుపొడుపును చూసి వేసి, 'ఇంప్రెషన్, సన్‌రైజ్' అని పేరు పెట్టిన బొమ్మ అందులో ఒకటి. లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఒక హాస్యపత్రికలో దాన్ని వెక్కిరిస్తూ, గోడలకు అంటించే రంగుకాగితం అరకొరగా ఉన్న దశలో కూడా ఈ సముద్ర దృశ్యం కంటే పూర్తిగా ఉంటుందని రాశాడు. ఇంప్రెషనిస్టులన్న పేరు ఆ ఎగతాళి నుంచే వాళ్లకు స్థిరపడింది. నిజానికి వాళ్ల పనితీరు వెనుక గట్టి కారణం ఉంది. 1841లో, నొక్కితే రంగు బయటికి వచ్చే తగరపు ట్యూబు వచ్చిన తరువాత, తైలవర్ణాలను గదిలోనుంచి బయటికి తీసుకుపోయి ఎండలో కూర్చుని వేయడం సులువైంది. ఎండ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి త్వరగా వేయాలి. త్వరగా వేసేవాళ్లు ఏది ఉంచాలో ఏది వదలాలో ముందే తేల్చుకోవాలి. వదిలేయడం అక్కడ బద్ధకం వల్ల జరిగింది కాదు. సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని వేసిన ఎవరికైనా ఈ సంగతి అనుభవంలోకి వస్తుంది.

సముద్రపొడ్డు పిల్లల బొమ్మల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మేరీ కసాట్ 1884లో వేసినది. అమెరికాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఆమెను ఇంప్రెషనిస్టుల బృందంలోకి పిలిచినవాడు అందులోని చిత్రకారుడే అయిన దెగా. ఇద్దరు చిన్నపిల్లలు ఇసుకలో కూర్చుని ఉంటారు. ముందున్న పిల్ల బొద్దు చేతుల్లో ఒక దానితో బకెట్టునూ, రెండో దానితో చిన్న పారనూ పట్టుకొని, తల వంచి తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. మనం చూస్తున్నామన్న స్పృహే ఆ పిల్లకు లేదు. మనకు కనపడేవి వాలిన కనురెప్పలు, ఎర్రబారిన బుగ్గలు. వెనుక పిల్ల ముఖం టోపీ చాటున దాగిపోయింది. దూరాన సముద్రం మీది తెరచాపలు కుంచెతో తాకించి వదిలేసినవి. ఇంప్రెషనిస్టులు కలిసి పెట్టిన చివరి ప్రదర్శనలో, 1886లో, ఆమె దీన్ని చూపించింది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆ ఇద్దరిలో ఒక్కరూ మన వైపు చూడరు, అయినా ఇసుకతో ఆడే పిల్లలను ఇంత దగ్గరగా తెలుసుకుని వేసిన బొమ్మ మరొకటి నాకు తెలియదు.

మన ఒడ్డుకు ఇంకా దగ్గరివాడు స్పెయిన్ చిత్రకారుడు హోవాకిన్ సోరోయా. ఆయన 1863లో వలెన్సియాలో పుట్టాడు, రెండేళ్ల వయసులో కలరాకు తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు, తాళాల పని చేసే బంధువుల ఇంట పెరిగాడు. వలెన్సియా తీరం కూడా మనలాగే తూర్పుముఖం. అక్కడా పొద్దు సముద్రంలోంచి పొడిచి నేల మీదికి గుంకుతుంది. సాయంత్రపు ఎండలో ఆయన వేసిన బొమ్మల్లో వెలుగు వెనుక నుంచి మన భుజాల మీదుగా వెళ్లి పిల్లల మీద నేరుగా పడుతుంది. అందువల్ల వాళ్ల ఒళ్లు మెరుస్తాయి, నవ్వులు కనపడతాయి. 1909-10 నాటి ఒక బొమ్మ మాద్రిద్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. ఎత్తు 118, వెడల్పు 185 సెంటీమీటర్లు. ముగ్గురు మగపిల్లలు బట్టల్లేకుండా ఒడ్డునే, పలచని నీళ్లలో బోర్లా పడుకుని ఉంటారు. ఆకాశం లేదు, దిగంతరేఖ లేదు. పై అంచు దాకా నీళ్లే. ఒంటి మీద తడి మెరుపులు ఒక్కొక్క కుంచె తాకిడితో పెట్టినవే. ఒళ్ల ప్రతిబింబాలు తడి ఇసుకలో గోధుమ రంగుగా, ఊదాగా కరిగి పారుతున్నాయి. ఒకే రకం తూర్పు తీరం, వేళ మాత్రం వేరు: సాయంత్రం చూసినవాడు ముఖాలు వేశాడు, పొద్దున చూసిన మన అమ్మాయి వేయలేదు. ఇద్దరూ ఎండ చెప్పినట్టే నడుచుకున్నారు.

ఇదే సోరోయా 1899లో వేసిన పెద్ద బొమ్మలో పోలియో వచ్చిన పిల్లలు ఊతకర్రల మీద సముద్రస్నానానికి వస్తారు. నల్లని అంగీ వేసుకున్న సన్యాసి ఒకరు వాళ్లను పట్టుకుని నడిపిస్తాడు. ఆ సముద్రం ముదురుగా, బరువుగా ఉంటుంది. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దానికి అత్యున్నత బహుమతి వచ్చింది. ఎండలో మెరిసే పిల్లలనే వేసే సరదా చిత్రకారుడని ఆయనను కొందరు తేలిక చేస్తారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. ఆయన ఎద్దులు పడవను ఒడ్డుకు లాగుతున్నట్టు 1894లో వేసిన బొమ్మను మన జాలరి పాళెంల వాళ్లకు చూపిస్తే, ఏ దేశమని అడగకుండానే పనిని గుర్తుపడతారు.

పోటీలో బొమ్మలు చూసిన పద్ధతి గురించి కూడా చెప్పాలి. షీట్లన్నీ ఒక బల్ల మీద దొంతరగా పెట్టి, కుర్చీల్లో కూర్చుని, ఒక్కొక్కటీ తిప్పుతూ పోయారు. కంటికీ కాగితానికీ మధ్య దూరం జానెడో మూరెడో. గీతలు శుభ్రంగా నింపిన బొమ్మకు ఆ దూరం సరిపోతుంది. రంగు మచ్చల మీద ఆధారపడిన బొమ్మకు కనీసం ఆరడుగులైనా కావాలి, అప్పుడే మచ్చలు కలిసి మనిషి అవుతాయి. పత్రిక నడిపే మీకు ఇది తెలియనిది కాదు: మొదటి పేజీలో మీరు వేసే రంగుల ఫొటోను భూతద్దంతో చూస్తే చుక్కలు తప్ప ఏమీ కనపడవు, చేతి దూరాన పట్టుకుంటే మనిషి ముఖంలోని దిగులు కూడా కనపడుతుంది.

ఆ తరువాత జరిగింది నన్ను ఇంకా బాధపెట్టింది. షీటు తిరిగి చేతికి వచ్చాక, ఇంట్లో ఎవరో చెబితే, ఆ అమ్మాయి చేతులెత్తి పిలుస్తున్న పిల్లవాడి ముఖంలో నల్ల స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు పెట్టి, నోరు గీసింది. ఆ ఒక్క ముఖం దృశ్యంలోనుంచి ఊడి ముందుకు వచ్చేసింది. వాడి వెనుక ఉన్న ఎండ ఆరిపోయింది, పక్కనున్న ముగ్గురూ ఇప్పుడు నిజంగానే పూర్తి కానివాళ్లలా కనపడుతున్నారు. అది చూసి తానే ఆపేసింది, మిగిలిన ముఖాలు ముట్టుకోలేదు. బొమ్మ పాడైనదానికన్నా, తన కంటిని తానే నమ్మకుండా చేసిన ఆ పెన్సిలు రాత నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

ఇలాంటి తీర్పులు వరసగా వస్తే ఏమవుతుందో పోటీలకు వచ్చే షీట్లే చెబుతాయి. ప్రకృతి దృశ్యం వేయమనగానే చాలామంది పిల్లలు రెండు కొండలు, మధ్యలో పొడిచే సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు, గుడిసె, ఒక ఏరు వేస్తారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొండలు ఉన్నది పడమట. వెలికొండల వెనుకకు పొద్దు గుంకుతుంది గానీ అక్కడ పొడవదు. పాళెంలో పుట్టి, రోజూ సముద్రంలోంచి పొద్దు రావడం చూసే పిల్లవాడు కూడా షీటు చేతికి ఇవ్వగానే దాన్ని రెండు కొండల మధ్య నుంచి పొడిపిస్తాడు, ఎందుకంటే మార్కులు దానికే పడతాయని వాడికి తెలుసు. మన పిల్లలకు సముద్రం ఆట ఒక్కటే కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి తాతలూ, 2004 డిసెంబరు 26 సునామీ గురించి అమ్మానాన్నలూ చెప్పగా విన్నవాళ్లు. ఆ భయమూ ఎరిగి, ఆ ఒడ్డునే ఆడుకునే పిల్లలకు వేయడానికి తమదైన సముద్రం ఉంది. దాన్ని వేయమని అడిగేవాళ్లు లేకపోతే వాళ్లు కొండల బొమ్మే వేస్తూ పోతారు.

పోటీలు పెట్టేవారిని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వచ్చిన షీట్లను గోడకు గుచ్చి, నిలబడి, వెనక్కి జరిగి చూడండి. తీసేసే ముందు ఆ పిల్లను పిలిచి, ఎక్కడ చూశావు, ఏ వేళ చూశావు అని ఒక్క మాట అడగండి. సముద్రం మీద పోటీ పెడితే ఫ్యాన్ల కింద హాలులో కాకుండా, వీలైతే ఒడ్డునే, సరుగుడు తోపు నీడలో పెట్టండి. డ్రాయింగ్ మాస్టారు లేని ఉన్నత పాఠశాలలు ఎన్నో ఉన్నాయి, ఆ పోస్టుల సంగతి విద్యాశాఖ చూడాలి. అంతవరకూ సైన్సు మాస్టార్లయినా నీడ రంగు పాఠాన్ని కాంతి పాఠంతో కలిపి ఆరుబయట చెప్పవచ్చు.

మీ పత్రికను కూడా ఒక సాయం అడుగుతున్నాను. ఆదివారం పిల్లల పేజీలో నెలకొకసారైనా ఇలాంటి బొమ్మను పేజీ వెడల్పంతా వచ్చేలా, అంచులు కత్తిరించకుండా అచ్చు వేయండి. సోరోయా 1923లో, మేరీ కసాట్ 1926లో చనిపోయారు కాబట్టి వాళ్ల బొమ్మలకు హక్కుల ఇబ్బంది ఉండదు. కింద చిత్రకారుల పేరు, వేసిన సంవత్సరం, ఉన్న మ్యూజియంతో పాటు అసలు బొమ్మ పొడవు వెడల్పులు తప్పకుండా ఇవ్వండి. ఎంత బొమ్మను ఎంత దూరం నుంచి చూడాలో పిల్లలు దాన్నిబట్టి అంచనా వేసుకుంటారు.

భవదీయుడు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
నెల్లూరు.